క్షయ వైద్యపు చీటిలోని మాటలు

వైద్యుడు పలికిన మాట రోగికి తెలియనిచో, ఆ మాట ఉండవలసిన చోట భయమైనను అపోహయైనను వచ్చి చేరును. జలుబు, తలనొప్పి వంటి స్వల్ప బాధల విషయమున దీనివలన పెద్ద నష్టము లేదు. మాట తెలిసినను తెలియకున్నను అవి నాలుగు దినములలో పోవును. క్షయ యట్టిది కాదు. దానికి సాధారణముగా ఆరు నెలలు మందు వాడవలెను. ఆ కాలములో రోగికి పలుమారులు పరీక్షలు జరుగును. ప్రతి పరీక్షకును ఒక చీటి చేతికి వచ్చును. ఆ చీటీలలోని నాలుగైదు మాటలను తప్పుగా గ్రహించుటచేతనే మందు నడుమ మానివేసినవారును, కారణము లేకయే ఇంటివారిచే వేరుచేయబడినవారును, పరీక్షకు పోవుటకే జంకినవారును మన దేశమున ఎందరో కలరు.

ప్రపంచమున ఏటేట క్షయకు గురియగువారిలో సుమారు నాలుగవ వంతు భారతదేశమునందే యున్నారు. ఈ వ్యాధికి మందు లేక కాదు. మందు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించుచున్నది. దానిని తుదివరకు వాడుటలోనే చిక్కు కలదు. చీటిలోని మాట యర్థమైన రోగి మందును తుదివరకు వాడును. కావున ఆ మాటల యర్థమును ప్రతి కుటుంబమును తెలిసికొనియుండుట మేలు.

«క్షయ» అను పేరు

క్షయ యనగా క్షీణించుట. రోగి బరువు తగ్గి, ఎముకల గూడై, నానాటికి కృశించిపోవుటను చూచి పెద్దలు ఈ పేరు పెట్టిరి. రాజయక్ష్మ యను పేరును ప్రాచీనమైనదే. దక్షుని శాపముచే చంద్రుడు క్షయకు గురియై దినదినము క్షీణించెనని పురాణగాథ. ఈ గాథలో శాపమును మాత్రము లోకము జ్ఞాపకముంచుకొని, క్షయ యనిన దైవాగ్రహమనియు, పూర్వజన్మ పాపమనియు తలంచెను. అదే గాథలో చంద్రుడు మరల కళలు నింపుకొనుటయు కలదు. ఆ సగమును మరువరాదు.

క్షయ శాపము కాదు, పాపఫలము కాదు, వంశపారంపర్యమును కాదు. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు బెర్లిను నగరమున దీనికి కారణమైన క్రిమిని గూర్చి ప్రకటించెను. అందుచేతనే ఆ దినమును నేడు ప్రపంచ క్షయ దినముగా పాటించుచున్నారు. ఒకే ఇంట తండ్రికి, కొడుకునకు, కోడలికి వరుసగా ఈ జబ్బు వచ్చుటను చూచి వంశమున నున్నదని పూర్వులు భావించిరి. అది రక్తము ద్వారా వచ్చినది కాదు. వారందరు ఒకే గదిలోని గాలిని పీల్చుటవలన వచ్చినది. కోడలికి సోకుటయే దీనికి నిదర్శనము.

చీటిపై «టి.బి.» అని వ్రాయుదురు. ఆంగ్ల నామమునకు మూలము చిన్న బుడిపె యను అర్థము గల లాటిన్ మాట. క్రిమి చేరిన చోట శరీరము దానిని చుట్టుముట్టి చిన్న బుడిపెగా కట్టివేయును. దానినిబట్టి ఆ పేరు వచ్చినది.

ఈ క్రిమి స్వభావమొకటి ముఖ్యముగా తెలియవలెను. ప్రేవులలోని సాధారణ సూక్ష్మజీవులు అనుకూల స్థితిలో ఇరువది నిమిషములకే ఒకటి రెండగును. క్షయ క్రిమి ఒకటి రెండగుటకు దాదాపు ఒక దినము పట్టును. అది మెల్లగా పెరుగును. కొంతకాలము నిద్రించినట్లు కదలక పడియుండును. పెరుగుచున్న క్రిమి మీదనే మందు బాగుగా పనిచేయును. చికిత్సకు నెలలు పట్టుటకు ఇది ముఖ్య కారణము.

«ఇన్‌ఫెక్షన్» వేరు, «డిసీజ్» వేరు

ఈ రెండు మాటలకును తెలుగున «జబ్బు» అనియే చెప్పుటవలన గొప్ప గందరగోళము కలుగుచున్నది. మొదటిది సోకుట, రెండవది జబ్బు పడుట.

ఊపిరితిత్తుల క్షయ గలవారు దగ్గినప్పుడును, తుమ్మినప్పుడును కంటికి కనబడని తుంపరలు గాలిలో చేరును. మూసియున్న గదిలో అవి గంటల తరబడి తేలుచుండును. ఆ గాలి పీల్చినవారికి క్రిమి సోకవచ్చును. అట్లు సోకినవారందరును రోగులు కారు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతు మందికి ఈ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకినదని అంచనా. సోకిన నూరుగురిలో అయిదుగురు మొదలు పదిమంది వరకు మాత్రమే తమ జీవితకాలములో జబ్బు పడుదురు. తక్కినవారిలో క్రిమి నివురుగప్పిన నిప్పువలె అణగియుండును. వారికి దగ్గు లేదు, జ్వరము లేదు. వారివలన ఇతరులకు వ్యాధి అంటుటయు లేదు.

శరీరబలము తగ్గినప్పుడు ఆ నివురు తొలగును. చాలీచాలని తిండి, మధుమేహము, హెచ్.ఐ.వి., పొగత్రాగుట, మద్యపానము, రాతిగనులలోని పలుగురాతి దుమ్ము — ఇవి నిప్పును రగుల్కొల్పు గాలులు.

చర్మ పరీక్షలో గాని, అందుకొరకై చేయు రక్త పరీక్షలో గాని «పాజిటివ్» అని వచ్చినచో క్రిమి సోకినదని మాత్రమే అర్థము. జబ్బున్నదో లేదో వైద్యుడు వేరుగా పరీక్షించి చెప్పవలెను. జబ్బు లేదని నిశ్చయమైన పిమ్మట, రోగితో కలిసి ఒకే ఇంట నివసించువారికి, ముఖ్యముగా పసిపిల్లలకు, ముందుజాగ్రత్తగా కొన్నాళ్లు మందు ఇచ్చుట కలదు. దానిని నివారణ చికిత్స యందురు. ఆ మందు ఇచ్చినంత మాత్రమున బిడ్డకు క్షయ వచ్చినదని తల్లి దుఃఖింపరాదు. రాకుండుటకే అది ఇచ్చుచున్నారు.

రోగి తినిన కంచము, త్రాగిన చెంబు, కట్టిన బట్ట, పట్టుకొనిన చేయి — వీనివలన క్షయ అంటదు. కంచము వేరుచేసి కిటికీ మూయుటకంటె, కంచము కలిపియుంచి కిటికీ తెరచుట వేయిరెట్లు మేలు. గాలి తుంపరలను పలుచన చేయును. సూర్యరశ్మి క్రిమిని చంపును.

కఫ పరీక్షలో «పాజిటివ్», «నెగటివ్»

రెండు వారములకు మించి దగ్గు ఉన్నవారు కఫ పరీక్ష చేయించుకొనవలెను. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫములో నెత్తురు జీర కనబడుట — ఇవియు హెచ్చరికలే.

పరీక్షకు కావలసినది కఫము, ఉమ్మి కాదు. నోటిలోని ఉమ్మిలో క్రిమి దొరకదు. ప్రాతఃకాలమున నోరు పుక్కిలించి, రెండు మూడు మారులు గాఢముగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతులనుండి దగ్గి తెచ్చిన చిక్కని తెమడను డబ్బాలో వేయవలెను. ఈ పని ఆరుబయట చేయుట మంచిది.

లోకవ్యవహారమున పాజిటివ్ అనగా మంచిది, నెగటివ్ అనగా చెడ్డది అని వాడుక. ప్రయోగశాలలో మంచిచెడ్డల ప్రసక్తి లేదు. «పాజిటివ్» అనగా వెదకిన క్రిమి కనబడినది. «నెగటివ్» అనగా వెదకిన క్రిమి కనబడలేదు. «కనబడలేదు» అనుటకును «లేదు» అనుటకును గల భేదమును గమనింపవలెను. సూక్ష్మదర్శిని క్రింద క్రిమి కనబడవలెనన్న, ఒక మిల్లీలీటరు కఫములో అవి వేలకొలది యుండవలెను. అంతకు తక్కువగా నున్నచో కన్ను వానిని పట్టలేదు. నేడు క్రిమియొక్క జన్యుపదార్థమును గుర్తించు యంత్ర పరీక్షలు వచ్చినవి. చీటిపై «సి.బి.నాట్», «ట్రూనాట్» అని కనబడునవి ఇవియే. ఇవి తక్కువ సంఖ్యలో నున్న క్రిములను సైతము రెండు గంటల లోపుగానో, ఇంచుమించు ఆ కాలములోనో కనిపెట్టగలవు.

«కల్చర్» అను మాటయు చీటిపై కనబడును. ఇచట దానికి సంస్కృతి యని అర్థము కాదు. మడిలో విత్తనము చల్లి నారు పెంచినట్లు, కఫములోని క్రిములను ప్రయోగశాలలో పెంచి చూచుట. క్రిమి మెల్లగా పెరుగునది గనుక ఫలితమునకు వారములు పట్టును. చీటి ఆలస్యమైనదని సిబ్బందిని నిందింపనక్కరలేదు.

ఇక అన్నింటికంటె ప్రమాదకరమైన అపోహ చికిత్స నడుమ వచ్చు «నెగటివ్» వలన పుట్టును. ఒక చేనేత కుటుంబమును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఇంటి యజమానికి కఫములో క్రిమి కనబడినది. మందు ప్రారంభించెను. నెల తిరుగకమునుపే జ్వరము పోయెను, ఆకలి పుట్టెను, మరల మగ్గము మీద కూర్చుండగలిగెను. రెండు నెలలకు చీటిపై «నెగటివ్» అని వచ్చెను. «ఇక నాకు జబ్బు లేదని కాగితమే చెప్పుచున్నది. ఈ బిళ్లలు వేడి చేయుచున్నవి» అని భార్యతో చెప్పి అతడు మందు మానివేసెను. ఆమెయు సంతోషించెను. కొన్ని నెలలకు దగ్గు మరల వచ్చెను. ఈ మారు పక్కనే పండుకొను చిన్న కుమార్తెకును జ్వరము కాయజొచ్చెను.

ఇట్టి కుటుంబములోని వారు మూర్ఖులు కారు, అశ్రద్ధ గలవారును కారు. ఒక్క మాటకు అర్థము చెప్పువారు లేకపోయిరి. నడిమి పరీక్షలోని «నెగటివ్» అనునది మందు పనిచేయుచున్నదని తెలుపు శుభవార్త. మందు మానుమను ఆజ్ఞ కాదు. చేనిలో కలుపు పైపైన కోసినచో నేల శుభ్రముగా కనబడును. వేళ్లు లోపల నుండును. మొదటి రెండు నెలల మందు పై కలుపును కోయును; తక్కిన నాలుగు నెలల మందు వేళ్లను పెకలించును.

ఎక్స్‌రే పటములో «నీడ»

ఎక్స్‌రే పటమున గాలి నల్లగాను, గట్టి పదార్థము తెల్లగాను కనబడును. ఊపిరితిత్తి గాలితో నిండినది కాబట్టి నల్లగా నుండవలెను. అందు తెల్లని మచ్చ కనబడినచో దానిని వైద్యులు «నీడ» అందురు. న్యుమోనియా వలనను, పాత గాయపు మచ్చ వలనను, ఇతర వ్యాధుల వలనను నీడ కనబడవచ్చును. కాబట్టి నీడను చూచి క్షయయని తామే నిర్ణయించుకొనరాదు. కఫ పరీక్షతో పోల్చి వైద్యుడు నిర్ణయింపవలెను. వ్యాధి పూర్తిగా నయమైన పిదప కూడ, మానిన పుండు మచ్చవలె, నీడ కొంత మిగిలియుండవచ్చును. అట్టి పాత మచ్చను చూచి ఉద్యోగమునకు గాని, వివాహమునకు గాని అడ్డుచెప్పుట అన్యాయము.

«కోర్సు» అనగా ఎంతకాలము?

సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇతాంబుటాల్. తరువాతి నాలుగు నెలలు వీనిలో పైరజినమైడ్ తక్క మిగిలిన మూడు. ఈ మందులన్నియు ఒకే బిళ్లలో కలిపి, రోగి బరువునుబట్టి ఇన్ని బిళ్లలని నిర్ణయించి, ప్రతి దినమును ఇత్తురు.

ఒక్క మందు చాలదా యని కొందరడుగుదురు. రోగి శరీరమున కోట్లకొలది క్రిములుండును. వానిలో ఏ యొక మందుకైనను లొంగనివి ఒకటి రెండు సహజముగనే యుండును. ఒక మందు మాత్రమే ఇచ్చినచో లొంగినవి చచ్చి, లొంగనివి మిగిలి పెరుగును. నాలుగు మందులు ఒకేసారి ఇచ్చినచో ఒకదానినుండి తప్పించుకొనినది మరియొకదానికి చిక్కును.

రిఫాంపిసిన్ వాడువారికి మూత్రము నారింజ వర్ణముగా గాని, ఎర్రగా గాని వచ్చును. అది నెత్తురు కాదు, మందు రంగు. దీనిని ముందుగా చెప్పనందుననే భయపడి మందు మానినవారు కలరు. కండ్లు పచ్చబడుట, ఎడతెగని వాంతులు, చూపు మందగించుట, రంగులు సరిగా తెలియకుండుట, అరికాళ్ల తిమ్మిరి — ఇవి కలిగినచో మాత్రము వెంటనే వైద్యునికి చెప్పవలెను. చూపు మందగించినను, కండ్లు పచ్చబడినను ఆ దినమే ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. వైద్యుడు మందు మార్చును గాని చికిత్సను విడువడు.

«రెసిస్టెన్స్» ఎవరిది?

పత్రికలలో «రోగనిరోధక శక్తి» అను మాటను తరచు చదువుట వలన, చీటిపై «రెసిస్టెన్స్» అని గాని, «నిరోధకత» అని గాని చూచినప్పుడు తమ శరీరము గట్టిదని కొందరు సంతోషింతురు. ఇచట నిరోధకత రోగిది కాదు, క్రిమిది. ఆ క్రిమి ఫలానా మందుకు లొంగుట లేదని అర్థము. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందులు రెంటికిని లొంగనిచో దానిని «ఎం.డి.ఆర్.» అని వ్రాయుదురు.

మందును నడుమ మానుట, ఒకనాడు మింగి రెండునాళ్లు మరచుట, వైద్యుడు చెప్పినదానికంటె తక్కువ బిళ్లలు మింగుట — వీనివలన క్రిమికి ఈ మొండితనము అబ్బును. అట్టి మొండి క్రిమి గాలి ద్వారా ఇతరులకును సోకును. అప్పుడు ఏ తప్పును చేయనివారు కూడ మొదటినుండియే మొండి క్షయకు గురియగుదురు. దీనికిని చికిత్స కలదు. పూర్వము ఏడాదిన్నర, రెండేండ్లు పట్టెడి చికిత్సకు బదులుగా, తగిన రోగులకు ఆరు నెలలలో ముగియు కొత్త మందుల కూర్పును భారత ప్రభుత్వము 2024లో ఆమోదించినది. అయినను మొదటి చికిత్సను తుదముట్టించుటయే సులభమైన మార్గము.

ఊపిరితిత్తులకు వెలుపల

«ఎక్స్‌ట్రా పల్మనరీ» అనగా ఊపిరితిత్తులకు వెలుపలి క్షయ. ఇచట «ఎక్స్‌ట్రా» అనగా అదనమని కాదు, వెలుపల అని. మెడ గ్రంథులు ఉబ్బి గండమాలగా కనబడుట, వెన్నెముక క్రుంగి గూని ఏర్పడుట, మెదడు పొరలు వాచుట మున్నగునవి దీని రూపములు. గోళ్లు, వెండ్రుకలు తప్ప దాదాపు ఏ యవయవమునకైనను ఇది రావచ్చును. ఊపిరితిత్తులలో జబ్బు లేనిచో ఇట్టి రోగి వలన సాధారణముగా ఇతరులకు అంటదు. శిశువునకు పుట్టగానే వేయు బి.సి.జి. టీకా, పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపములనుండి కాపాడును. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది నమ్మకముగా ఆపలేదు. కాబట్టి చిన్ననాడు టీకా వేయించుకొంటినని పెద్దవారు దగ్గును ఉపేక్షింపరాదు.

శానిటోరియమునుండి ఇంటికి

మందులు లేని కాలమున స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారము — ఇవియే చికిత్స. అందుకై ఊరికి దూరముగా శానిటోరియములు కట్టిరి. రాయలసీమయందలి మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో నెలకొల్పబడిన శానిటోరియము వానిలో పేరుగాంచినది. ఆ దినములలో రోగి నెలల తరబడి ఇల్లు విడిచి యుండెడివాడు. క్షయరోగిని దూరముగా నుంచవలెనను భావము ప్రజల మనస్సులో నాటుకొనుటకు ఇదియు ఒక కారణము.

ఆ భావమును మార్చిన పరిశోధన మన దేశముననే జరిగినది. 1956లో మద్రాసు నగరమున క్షయ రసాయన చికిత్సా కేంద్రము ప్రారంభమైనది. అచట నిరుపేదలైన రోగులను రెండు భాగములుగా చేసి, కొందరిని శానిటోరియములోను, కొందరిని వారి ఇండ్లలోను ఉంచి, ఒకే మందులు ఇచ్చిరి. ఇంటనున్నవారి గదులు ఇరుకైనవి; తిండి తక్కువ. అయినను 1959లో ప్రకటించిన ఫలితములనుబట్టి ఇంటి చికిత్స శానిటోరియము చికిత్సకు ఇంచుమించు సమానముగ పనిచేసినట్లు తేలెను. ఇంటిలోని తక్కినవారికి దానివలన అధికముగా వ్యాధి సోకలేదనియు తెలిసెను. ప్రపంచమున నేడు కోట్లాది రోగులు ఇంటివద్దనే మందు తీసికొనుటకు ఈ పరిశోధన దారి చూపినది.

సరియైన మందు మొదలుపెట్టిన కొలది వారములలోనే రోగి ఇతరులకు వ్యాధిని అంటించు శక్తి మిక్కిలి తగ్గిపోవును. అంతవరకు దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకొనుట, గాలి వచ్చు చోట పండుకొనుట, మూతగల పాత్రలో కఫము ఉమియుట చాలును. ఇల్లు వదలి పోనక్కరలేదు.

ఇంటి భోజనమునకు గల శక్తియు ఇటీవల రుజువైనది. ఝార్ఖండ్ రాష్ట్రమున జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. రోగులున్న ఇండ్లలో తక్కినవారికి బియ్యము, పప్పు వంటి అదనపు ఆహారమును అందింపగా వారిలో కొత్తగా క్షయ వచ్చుట సుమారు నూటికి నలుబది వంతులు తగ్గినది. రోగి పోషణకై కేంద్ర ప్రభుత్వము 2018లో నెలకు 500 రూపాయల సహాయమును ప్రారంభించి, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలకు పెంచినది. ఈ పథకము పేరు «ని-క్షయ్ పోషణ్». అందు «ని-క్షయ్» అనగా క్షయ లేకుండుట యని అర్థము. పేరు నమోదు చేయించుకొని, బ్యాంకు ఖాతా వివరములిచ్చిన రోగికి ఈ సొమ్ము చేరును. ఆరోగ్య కేంద్రమునందు గాని, గ్రామమునకు వచ్చు ఆశా కార్యకర్తను గాని దీనిని గూర్చి అడుగవచ్చును.

చీటి చేతికి వచ్చినప్పుడు జ్ఞాపకముంచుకొనవలసినవి

ఇన్‌ఫెక్షన్ — క్రిమి సోకినది. జబ్బు పడినట్లు కాదు.

పాజిటివ్ — వెదకినది కనబడినది.

నెగటివ్ — వెదకినది కనబడలేదు. మందు మానుమని కాదు.

కల్చర్ — క్రిమిని పెంచి చూచు పరీక్ష, వారములు పట్టును.

నీడ — ఎక్స్‌రేలోని తెల్లని మచ్చ. క్షయయే యని కాదు.

రెసిస్టెన్స్ — క్రిమికి గల మొండితనము. రోగికి గల బలము కాదు.

ఎక్స్‌ట్రా పల్మనరీ — ఊపిరితిత్తులకు వెలుపల.

కోర్సు పూర్తి — వైద్యుడు మానుమన్న దినము. దగ్గు తగ్గిన దినము కాదు.

వీనిలో ఏదైనను మరచినచో సిగ్గుపడక వైద్యుని గాని, నర్సును గాని అడుగవలెను. చదువురాని రోగికి ఇంటిలోని చదువుకొనిన బిడ్డ చీటిని చదివి అర్థము చెప్పవచ్చును. చివరి బిళ్ల మింగువరకు, చివరి పరీక్ష ముగియువరకు ఆ చీటీలనన్నిటిని ఒక సంచిలో భద్రపరచి, ఆరోగ్య కేంద్రమునకు పోవునప్పుడెల్ల వెంట తీసికొనిపోవలెను.